పరుపు గుడ్డ వెనక ఆఫీసు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఇతరుల ఆస్పత్రి బిల్లులు చదివి బతికాను. డాక్టర్ని కాను, మందుల షాపువాణ్ణీ కాను. ఆరోగ్య బీమా ఉన్నవాళ్ళు ఆస్పత్రిలో చేరితే ఆ కాగితాలన్నీ మా దగ్గరికి వచ్చేవి. జబ్బేమిటి, ఎన్నాళ్ళు ఉన్నారు, రాసిన మందులకూ వేసిన బిల్లుకూ పొంతన ఉందా అని చూసి, ఉంటే పాస్ చేస్తాం, లేకపోతే ప్రశ్నలు రాసి వెనక్కి పంపుతాం. కర్నూలులో షాపుల పైన ఒక అంతస్తులో మా ఆఫీసు. కిటికీలన్నీ పడమటివైపే. ఎండాకాలం మధ్యాహ్నం పూట, ముందు మాకే బీమా చేయించాలి అనిపించేది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడిగేది జబ్బుల గురించీ కాదు, బిల్లుల గురించీ కాదు. "సార్, ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసుకు పోవడం మంచిదా?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో తేల్చి చెప్పాలి వాళ్ళకు. అలా తేల్చగలిగితే నేను ఏ కంపెనీలోనో సలహాదారుగా కూర్చుని డబ్బు తీసుకునేవాణ్ణి, ఇలా ఊరికే రాస్తూ ఉండేవాణ్ణి కాదు. నాకు తెలిసింది మైదుకూరులో ఒక ఇల్లు. ఆ ఇంటి సంగతి చెబుతాను. ముందు మా ఇంటి సంగతి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు కాబట్టి అక్కడ మొదలుపెడతాను.

చిక్కుడుకాయల మీటింగు

కరోనా వచ్చినప్పుడు ఎవరి కంప్యూటర్ వాళ్ళు ఇంటికి పట్టుకుపోండి అన్నారు. నేను స్కూటర్ తోలుతుంటే మా ఆవిడ నాగవేణి వెనక కూర్చుని మానిటర్‌ను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేశాం. మొదటి వారం నాకు జరిగిన మర్యాద పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు కూడా జరగలేదు. టీవీ పెట్టేది కాదు. కుక్కర్ కూత వేస్తుందని సంగటి గిన్నెలోనే వండింది. ఎవరైనా వస్తే వేలు పెదవి మీద పెట్టుకుని, "ఆఫీసు జరుగుతాండాది" అని చెప్పేది.

రెండో వారానికి ఆ ముచ్చట తీరిపోయింది. నేను చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మీటింగులో ఉన్నాను. చిక్కుడుకాయల చేట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏమయ్యా, ఊరికే కూర్చునే కాడికి ఇవన్నా వలచరాదా?"

"మీటింగులో ఉన్నానే."

"చెవులు గదా మీటింగులో ఉండేది. చేతులు ఖాళీగానే ఉండాయి."

చేట దగ్గరికి లాక్కున్నాను. మా శాఖకు సంబంధించిన పెద్ద పెద్ద నిర్ణయాలు కొన్ని నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీసుకున్నవే. అవేమీ చెడిపోలేదు కూడా.

నాగవేణిది ఆలూరు. అక్కడి వాళ్ళు డబ్బును దుడ్లు అంటారు, ఆ దుడ్ల విషయంలో ఆమెకు ఉన్న చూపు మా లెక్కల శాఖలో ఎవరికీ లేదు. పెట్రోలు మిగిలింది, హోటల్ టీ మిగిలింది అని నేను సంబరపడుతుంటే విని విని ఒక రోజు అడిగింది. "నీ పెట్రోలు దుడ్లు మిగిలినాయి, సరే. నువ్వు తాగే టీకి పాలు యాడి నుంచి వస్తాండాయి? ఆ ఫ్యాను ఎవరిది, కరెంటు ఎవరిది? మీ కంపెనీ వాళ్ళు నా ఇంట్లో దుకాణం పెట్టి బాడుగ ఎగ్గొట్టినారు."

నిజమే. ఈ మాటనే కాస్త మర్యాదగా మార్చి హైదరాబాదులోని పెద్ద ఆఫీసుకు రాశాను. కొన్నాళ్ళకు అక్కడి నుంచి ఒక పార్సెల్ వచ్చింది. విప్పి చూస్తే కంపెనీ బొమ్మ వేసిన కాఫీ కప్పు. నాగవేణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందులో ఉప్పు పోసి పొయ్యి పక్కన పెట్టింది.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. ఇంటి నుంచి పని అంటే ఖర్చు తగ్గడం కాదు, ఖర్చు చెయ్యి మారడం. కొంత కంపెనీ చేతిలోంచి మీ చేతిలోకి వస్తుంది. ఇంకొంత మీకు కనిపించని వాళ్ళ మీద పడుతుంది. మా ఆఫీసు కింద మద్దిలేటి అని ఒకాయన బండి మీద బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు అమ్మేవాడు. మేము రాకపోయేసరికి ఆయన బాణలి చల్లబడిపోయింది. ఆయన ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మా అందరికీ ఫోన్లు చేసి ఎవరి ఇల్లు ఎక్కడో కనుక్కుని, ఎక్కువమంది ఉండే కాలనీ మొదట్లో బండి పెట్టాడు. "మీరు రాకుంటే నేనే వస్తా సార్, ఏముండాది" అన్నాడు. ఆయన బండికి చక్రాలున్నాయి కాబట్టి సరిపోయింది. పక్కన జిరాక్స్ షాపు అతనికి చక్రాలు లేవు. మూసేసి ఊరికి పోయాడు.

ఎర్ర చుక్కలు

కరోనా సద్దుమణిగింది కానీ ఆఫీసు మాత్రం మళ్ళీ తెరవలేదు. అద్దె మిగులుతున్నదని తెలిశాక ఏ కంపెనీ అయినా ఎందుకు తెరుస్తుంది? ఆ అంతస్తు ఖాళీ చేసేశారు. మా మనుషులు తలో దిక్కున వాళ్ళ ఊళ్ళలో ఉండిపోయారు. వాళ్ళందరినీ చూసుకోవడం నా పని. చూసుకోవడం అంటే ఏమిటి? నా తెరమీద ఒక్కొక్కరి పేరు పక్కన ఒక చుక్క ఉంటుంది. మనిషి పనిచేస్తుంటే పచ్చగా ఉంటుంది. కాసేపు ఏ మీటా నొక్కకపోతే అవతల వాళ్ళ కంప్యూటర్ తాళం పడిపోతుంది, ఇక్కడ చుక్క ఎర్రబడుతుంది. అన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి చివరికి చుక్కలు లెక్కపెట్టే పనికి వచ్చాను.

మా పైఅధికారి ప్రసాద్ గారు హైదరాబాదులో ఉండేవారు. పనిమంతుడు. బిల్లు ఎలా తిప్పి రాసినా అందులో మోసం ఎక్కడుందో ముక్కుతో పసిగట్టేవాడు. ఆయనతో చిక్కు ఒకటే, ఆ ముక్కు మనుషుల మీద కూడా పనిచేసేది. కళ్ళముందు లేని మనిషి పనిచేస్తాడంటే ఆయనకు నమ్మకం కుదరదు. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ళను చెడ్డవాళ్ళు అనుకోకండి. కుర్చీలో మనిషి కనపడితేనే వాళ్ళకు మనసు కుదుటపడుతుంది, అంతే.

మా జట్టులో షబానా అనే అమ్మాయి ఉండేది. మైదుకూరులో ఇల్లు. దూదేకుల వాళ్ళు, తరాలుగా పరుపులు కుట్టే ఇల్లు. భర్త దస్తగిరి రోడ్డు మీద చిన్న షాపులో దూది ఏకే మిషను పెట్టుకుని పరుపులు కుట్టేవాడు. ఫోమ్ పరుపులు వచ్చాక దూది పరుపు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళిళ్ళ కాలంలో తప్ప మిషను తిరిగేది తక్కువ. బడికి పోయే కూతురు, మోకాళ్ళ నొప్పుల అత్త. నెలనెలా కచ్చితంగా ఆ ఇంటికి వచ్చేది షబానా జీతం ఒక్కటే. అది పోతే హైదరాబాదుకు పోయి వెతుక్కోవడం ఆమె వల్ల కాదు, మైదుకూరులో అలాంటి పని దొరకదు.

షబానా చదివిన బిల్లులో నేను తప్పు చూసింది లేదు. కానీ ఆమె పేరు పక్కన చుక్క మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పచ్చ, ఎరుపు, పచ్చ, ఎరుపు. కూడలిలో దీపంలా మారుతూనే ఉండేది. చేసే పని చేస్తుంది, కానీ సాయంత్రానికి అందరికంటే వెనకపడేది. నేను ఫోన్ చేసి అడిగితే, "సరిచేసుకుంటా సార్" అనేది తప్ప కారణం చెప్పేది కాదు.

ప్రసాద్ గారు ఊరుకోలేదు. "ఆ అమ్మాయి ఇంటిపని చేసుకుంటూ మధ్యమధ్యలో మన పని చేస్తోంది. ఈ నెల చూస్తాను. చుక్కలు తగ్గకపోతే తీసేద్దాం" అన్నారు.

నేను బస్సెక్కి మైదుకూరు వెళ్ళాను.

లేచి నిలబడే ఇల్లు

దస్తగిరి వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక మూల షబానా బల్ల, ఇంకో మూల కుట్టాల్సిన పరుపులు. అత్త మాబున్ని గడప దగ్గర కూర్చుని పరుపు అంచులు కుడుతోంది. సూది అరచేయంత పొడవుంది. నన్ను చూడగానే, "రాప్పా సారూ, కుచ్చో" అంటూ లేవబోయింది. ఆమెకంటే ముందే లోపల షబానా లేచి నిలబడింది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, తలమీద కొంగు సర్దుకుని, నీళ్ళు తెచ్చింది, టీ పెట్టింది. సరే, నేను అధికారిని కదా, మర్యాద చేస్తోంది అనుకున్నాను.

టీ తాగుతుండగా వీధిలోంచి ఒక పెద్దాయన తొంగి చూశాడు. షబానా లేచింది. నీళ్ళు, టీ. ఆయన పోయాడో లేదో దస్తగిరి మేనత్త వచ్చింది. షబానా లేచింది. తర్వాత పరుపు బేరానికి ఒక ముసలి దంపతులు. అప్పుడూ లేచింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు కూడా. కానీ పెద్దవాళ్ళు గడప తొక్కితే కోడలు కూర్చుని ఉండకూడదు. అది ఆ ఇంటి మర్యాద. ఆ వీధి మొత్తం మర్యాద. మా ఆలూరు అత్తగారింట్లోనూ అదే మర్యాద. ఆమె లేచినప్పుడల్లా కంప్యూటర్ తాళం పడుతోంది, కర్నూలులో నా తెరమీద చుక్క ఎర్రబడుతోంది. ఇన్నాళ్ళూ బద్ధకం అనుకుని ప్రసాద్ గారు లెక్కపెడుతున్నది ఈ మర్యాదనే.

"చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"ఏమని చెప్పేది సార్? మా ఇంటికి జనం వస్తాండారు, రావద్దని చెప్పలేకపోతాండా అని చెబితే ఆఫీసోళ్ళు నవ్వుతారు. జనానికి చెబితే కొలువు వచ్చినాక పొగరెక్కింది అంటారు."

నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది, దానితోపాటు ఒక బ్రహ్మాండమైన ఉపాయం కూడా తట్టింది. "ఇంత చిన్నదానికి ఎందుకమ్మా బాధ? పని గంటల్లో తలుపు వేసుకో" అన్నాను. మాబున్ని సూది ఆపి నా వైపు అదోలా చూసింది. నేను పట్టించుకోలేదు. సలహా ఇచ్చిన సంతోషంతో బస్సెక్కి కర్నూలు వచ్చేశాను.

పట్టపగలు వేసిన తలుపు

మర్నాడు పొద్దున షబానా చుక్క పచ్చగా వెలిగింది. అరగంట, గంట, ఇంకో గంట. కదలకుండా పచ్చగానే ఉంది. నేను నాగవేణిని పిలిచి మరీ చూపించాను. "ఏం సలహా ఇచ్చినావు?" అంది. చెప్పాను. "పగలు వాకిలి వేసుకోమన్నావా?" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. మా వైపు తలుపును వాకిలి అనే అంటాం. "సాయంత్రానికి సూడు, ఏమైతాదో."

సాయంత్రం దాకా కూడా ఆగలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి చుక్క ఎర్రబడింది, మళ్ళీ పచ్చబడలేదు. రాత్రి దస్తగిరి ఫోన్ చేస్తే గాని జరిగింది తెలియలేదు.

ఆ వీధిలో పగటిపూట తలుపు వేసి ఉందంటే రెండే అర్థాలట. ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి, లేదా అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకుని ఉండాలి. ఏడుపు వినిపించలేదు కాబట్టి జుట్లే అని వీధి తేల్చుకుంది. ఎవరో పుణ్యాత్ములు ప్రొద్దుటూరులో షబానా పుట్టింటికి ఫోన్ చేసి, "పొద్దన నుంచి వాకిలి ఏసుకోని ఉండారు, లోపల ఏం జరుగుతాండాదో దేవునికే తెల్సు" అన్నారు. అంతే. షబానా నాయన, ఇద్దరు చిన్నాన్నలు, పంచాయితీ చేయడానికి ఒక పెద్దమనిషి, అందరూ ఆటో కట్టుకుని దిగారు.

తలుపు కొట్టారు. షబానా చెవులకు హెడ్‌ఫోన్ ఉంది, వినిపించలేదు. ఇంకా గట్టిగా కొట్టారు. వెనక వంటింట్లో ఉల్లిపాయలు, అదే మా ఎర్రగడ్డలు, తరుగుతున్న మాబున్ని కళ్ళు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి.

"ఏమైందక్కా?" అన్నాడు వియ్యంకుడు.

"ఏమీ కాలేదన్నా. ఎర్రగడ్డలు."

ఎవరు నమ్ముతారు? పెద్దమనిషి చాప అడిగి వేయించుకుని కూర్చున్నాడు. షబానా వచ్చి, ఆఫీసు సారు చెబితే తలుపు వేసుకున్నాం అని మొదలుపెట్టింది. ఒక చిన్నాన్న, "భయపడొద్దు అమ్మీ, ఉన్నది సెప్పు" అన్నాడు. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. అది చూసి రెండో చిన్నాన్న, "ఎట్లా కప్పిపెడతాండారో సూడు" అన్నాడు. చివరికి దస్తగిరి షాపు మూసి వచ్చి అందరికీ భోజనాలు పెట్టి సాగనంపేసరికి చీకటి పడింది.

అంతా చెప్పాక దస్తగిరి, "మా అమ్మ మాట్లాడతాదంట సార్" అని ఫోన్ ఇచ్చాడు.

"ఏమి సారూ," అంది మాబున్ని, "ఎంత సదువుకున్నోనివి. పట్టపగలు వాకిలి ఏయమని ఏ ఇంటోళ్ళకన్నా సెప్తారా?"

"తప్పైపోయిందమ్మా."

"తప్పని కాదుప్పా, నగినాము శానా. సరే గానీ, ఆ పిల్ల కొలువు పోతాదని నా కొడుకు సెప్తాండాడు. నిజమేనా?"

నిజమే అన్నాను. ఈ నెలాఖరు దాకానే గడువు అని కూడా చెప్పాను. నెలాఖరుకు ఇంకా ఎన్ని రోజులుందో అడిగింది. తర్వాత, "నేను సూసుకుంటాలే" అని పెట్టేసింది. ఎలా చూసుకుంటుందో నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి నాగవేణి నన్ను ఎన్ని మాటలు అందో ఇక్కడ రాయను.

దూది ఏకే వేళ

మర్నాటి నుంచి షబానా చుక్క మళ్ళీ పచ్చబడింది. భోజనం వేళ తప్ప ఎర్రబడలేదు. రెండు రోజులు చూశాను, వారం చూశాను. ప్రొద్దుటూరు నుంచి ఆటో కూడా రాలేదు. ఉండబట్టలేక షబానాకు ఫోన్ చేశాను.

మాబున్ని చేసింది ఇదీ. షాపులో మిషను రాకముందు, ఆమె కాపురానికి వచ్చిన రోజుల్లో, దూది ఇంట్లోనే ఏకేవారు. ముందు గదిలో విల్లు తగిలించి ఏకుతుంటే దూది పొగలా ఎగిరేది. అది వీధిలోకి పోకుండా గుమ్మానికి పరుపు గుడ్డ, ఆ చారల దళసరి గుడ్డ, దించేవారు. గుడ్డ దించి ఉంటే లోపల పని జరుగుతోందని అర్థం. వచ్చినవాళ్ళు బయటే కూర్చునేవారు. తలమీద, మీసాల మీద దూది పడుతుంది మరి, ఎవరు వస్తారు లోపలికి? అందులో అవమానం ఏమీ లేదు. తలుపు వేస్తే రానివ్వడం లేదని, గుడ్డ వేస్తే పని అవుతోందని. ఆ వీధిలో పెద్దవాళ్ళందరికీ అది తెలుసు.

మాబున్ని కొత్త పరుపు గుడ్డ గుమ్మం ఎత్తుకు సరిపడా చించి, గుమ్మానికి మేకులు కొట్టి దించింది. తను బయట పంచలో పరుపు వేసుకుని కుట్టుపని పెట్టుకుంది. మొదటి రోజు ఎవరో అడిగారట, "ఏమక్కా, మళ్ళీ ఇంట్లో దూది ఏకుతాండారా?" అని. "దూది కాదప్పా, కోడలు ఆస్పత్రి కాయితాలు ఏకుతాండాది" అందట. వచ్చినవాళ్ళు పంచలో కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, పోయారు. ఎవరూ పొగరు అనలేదు.

ఈ మాట వింటున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ పెద్ద క్లెయిము తేల్చినప్పుడూ కలగలేదు. ఉద్యోగం చేసేవాళ్ళకు ఇంట్లో ఒక గది కావాలి, బల్ల కావాలి, నెట్ కావాలి అని కంపెనీలు చెబుతాయి. అవన్నీ కావాలి. కానీ అంతకుముందు ఒకటి కావాలి. నువ్వు ఇంట్లో ఉన్నా ఇంట్లో లేవని చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. ఆఫీసుకు బస్సెక్కి పోయే మనిషికి ఆ ఒప్పుకోలు దానంతట అదే దొరుకుతుంది. ఇంట్లో పనిచేసే మనిషికి, అందులోనూ ఆడమనిషికి, ఎవరో ఒకరు సంపాదించి పెట్టాలి. నేను ఇంట్లో పనిచేస్తే వేలు పెదవి మీద పెట్టుకుని నాగవేణి కాపలా కాసింది. నెత్తిన పెట్టుకున్నది వారమే అయినా, కాసింది. నాగవేణే ఇంట్లో ఉద్యోగం చేస్తే నేను కాసేవాణ్ణా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. ఆమెను అడిగితే అనుమానమేమీ లేదు అంటుంది.

ప్రసాద్ గారి ప్రయాణం

అంతా సర్దుకుందని నేను అనుకుంటుంటే ప్రసాద్ గారి ముక్కుకు కొత్త వాసన తగిలింది.

"అన్నాళ్ళు ఎర్రగా ఉన్న చుక్క ఒక్కరోజులో పచ్చగా మారడం ఏమిటి? మౌసును దానంతట అదే కదిలించే బొమ్మలు దొరుకుతున్నాయి తెలుసా మీకు? అది పెట్టుకుని ఉంటుంది" అన్నారు.

పని కూడా పెరిగింది కదా సార్, చూడండి అన్నాను. ఎవరిచేతో చేయిస్తూ ఉండొచ్చు అన్నారు. ఎర్రగా ఉంటే బద్ధకం, పచ్చగా ఉంటే మోసం. పచ్చగా ఉన్నా బతకనివ్వకపోతే ఆ పిల్ల ఏ రంగులో ఉండాలి? ఆ మాట ఆయనతోనే అన్నాను, కొంచెం గట్టిగానే. పదవీ విరమణ దగ్గరపడ్డ మనిషికి అదొక్కటే సుఖం, గట్టిగా అనొచ్చు. ఆయన కోప్పడలేదు. "నేను వచ్చే వారం తిరుపతి పోతున్నాను. దారిలోనే కదా మైదుకూరు. చెప్పకుండా పోయి చూద్దాం. బొమ్మ కనపడితే మాత్రం ఆ రోజే చివరి రోజు" అన్నారు.

కర్నూలులో నన్ను కారులో ఎక్కించుకున్నారు. నేను షబానాకు ఫోన్ చేసి చెప్పలేదు. చెప్పాలని చెయ్యి చాలాసార్లు జేబులోకి పోయింది. చెబితే, బొమ్మ దాచేశారు అంటాడీయన. నాకు భయంగానే ఉంది. అక్కడ బొమ్మ ఉంటుందని కాదు. ఈయన గుమ్మంలో కనపడగానే ఆ పిల్ల చేస్తున్న పని వదిలేసి లేస్తుంది, చుక్క ఎర్రబడుతుంది, చూశారా అంటాడు అని.

మేము చేరేసరికి మధ్యాహ్నం భోజనాలకు ఇంకా కొంత వేళ ఉంది. చారల గుడ్డ దించి ఉంది. పంచలో మాబున్ని పరుపు కుడుతోంది. మమ్మల్ని చూసి సూదిని పరుపులో గుచ్చి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని, నెమ్మదిగా లేచింది.

"రాప్పా సారూ. ఈయన ఎవరు?"

ప్రసాద్ గారే చెప్పుకున్నారు. "హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చానమ్మా. షబానా ఉందా?"

"ఉండాదప్పా. పనిలో ఉండాది. కుచ్చోండి, నీళ్ళు తెస్తా."

"ఒకసారి పిలవండి."

"ఇప్పుడు పిలచకూడదు."

"నేను ఆమె పైఆఫీసర్నమ్మా."

"ఇంకేమప్పా మరి, నీ పనే గదా చేస్తాండాది" అంది మాబున్ని. "నీ పనికి నువ్వే అడ్డమొస్తే ఎట్లా? కుచ్చో."

హైదరాబాదులో ఆయన గది ముందు జనం కూర్చుంటారు గాని, ఆయన ఎవరి గుమ్మం ముందూ కూర్చున్నట్టు లేదు. నా వైపు చూశారు. నేను అప్పటికే పరుపు మీద కూర్చుని ఉన్నాను. ఆయనా కూర్చున్నారు. కొత్త దూది పరుపు, ఆయన బరువుకు మెత్తగా కుంగింది.

గుడ్డ వెనక నుంచి షబానా గొంతు వినిపిస్తోంది. ఏదో ఆస్పత్రి వాళ్ళతో ఫోనులో మాట్లాడుతోంది. రోగిని పంపించేసిన తేదీ తర్వాత కూడా మందుల బిల్లు ఎందుకుంది అని అడుగుతోంది. వాళ్ళు ఏదో చెప్పారు. ఈమె వదల్లేదు. మర్యాదగా, మెత్తగా, అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. ప్రసాద్ గారు తల కొంచెం పక్కకు వంచి విన్నారు. మోసాన్ని పట్టుకునే మనిషి కదా, ఇంకో మనిషి పట్టుకుంటుంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఇంతలో చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చాడు. దస్తగిరికి పెదనాన్న వరస. మాబున్ని మళ్ళీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నీళ్ళు ఇచ్చింది. ఆయన గుడ్డ వైపు చూసి, "అమ్మీ పనిలో ఉండాదా?" అని, మా పక్కనే కూర్చున్నాడు. ఆయన పోయాక ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. మాబున్ని లేచింది. వాళ్ళు పోగానే ఇంకొకరు. మళ్ళీ లేచింది. లేచినప్పుడల్లా పళ్ళు బిగబడుతున్నాయి, నొప్పి మొహంలో తెలుస్తోంది. గుడ్డ వెనక మీటల చప్పుడు మాత్రం ఆగలేదు.

ప్రసాద్ గారు చివరికి అన్నారు. "మోకాళ్ళు అంత నొప్పిగా ఉంటే కూర్చోండమ్మా. వచ్చిన ప్రతి మనిషికీ లేవడం ఎందుకు?"

"పెద్దోళ్ళు ఇంటికొస్తే ఎవరో ఒకరు లేయల్ల గదప్పా" అంది మాబున్ని, సూదిలో దారం ఎక్కించుకుంటూ. "అది లేస్తే ఆ పెట్టె నిద్రపోతాదంట. మీరు తప్పు రాసుకుంటారంట. అందుకని దాని వంతు కూడా నేనే లేస్తాండా."

ప్రసాద్ గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

భోజనం వేళ అయింది. గుడ్డ పక్కకు తొలగించి షబానా బయటికి వచ్చింది. ఎదురుగా మమ్మల్ని చూసి అక్కడికక్కడే నిలిచిపోయింది. కొంగు సర్దుకుంది. ఎందుకు వచ్చామో ఆమెకు చెప్పక్కర్లేదు. "సార్, నేను లోపల... మీరు ఎప్పుడు..." అంటూ ఏదో చెప్పబోయింది.

ప్రసాద్ గారు ఆ పరుపు మీది నుంచి లేచి నిలబడ్డారు.

"ఏమీ లేదమ్మా" అన్నారు. "పరుపు కొందామని వచ్చాం."